‘బీల పనికిరాని నేల’ అనే మాట ఎంతవరకు నిజం?

“సోంపేట బీల, కాకరాపల్లి తంపర ఎందుకూ పనికిరాని బురద. పంట లేదు, ఇల్లు లేదు. నాలుగు పిట్టల కోసం కరెంటు కంపెనీల్ని అడ్డుకున్నారు. ఉద్యమం పేరుతో జిల్లాకు ఉద్యోగాలు లేకుండా చేశారు.” శ్రీకాకుళం జిల్లా గురించి ఫోన్ల నుంచి ఫోన్లకి తిరిగే మాట ఇది. బీల, తంపర అంటే నీరు నిలిచే చిత్తడి పల్లాలు. ఈ రెండు చోట్లా బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రాలు పెట్టాలనుకున్నారు, జనం అడ్డుకున్నారు. వాక్యం వాక్యం విడదీసి చూద్దాం.

“పనికిరాని నేల.” ఎవరికి? రెవెన్యూ రికార్డులో బంజరు అని రాసుంటే అక్కడ సాగు లేదని, పట్టాదారు లేడని అర్థం. నీళ్లు లేవని, చేపలు లేవని కాదు. ఈ చూపు పాతదే. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ మనిషి శ్రమ కలిస్తేనే నేల సొత్తవుతుందన్నాడు, దున్నకుండా ప్రకృతికి వదిలేసిన నేలను వృథా అన్నాడు. తమాషా ఏమిటంటే ఆయన కొలతతో కొలిచినా బీల నెగ్గుతుంది. వల వేయడం, తుంగ కోయడం, పశువుల్ని మేపడం, బీల నీటిని చేలకు మళ్లించుకోవడం, ఇదంతా శ్రమ కాక మరేమిటి? నాగలి లేదు, అంతే.

“ఖాళీ స్థలమే కదా, మట్టి పోసి మెరక చేస్తే పోయేదేముంది?” అసలు తప్పు ఇక్కడుంది. ఎకరం నేలలో అడుగు లోతు నీరు నిలిస్తే అది సుమారు 12.3 లక్షల లీటర్లు. వెయ్యి ఎకరాల్లో రెండడుగులు నిలిస్తే దాదాపు 246 కోట్ల లీటర్లు. మట్టి పోస్తే ఆ నీరు ఆవిరైపోదు. పక్కనున్న పల్లపు చేలల్లోకి, ఊళ్లలోకి నడుస్తుంది. మన దగ్గర పెద్ద తుపాన్లు వచ్చేది ఎక్కువగా అక్టోబరులోనే. 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటింది. అప్పటికి వరి పొట్ట మీదో వెన్ను మీదో ఉంటుంది. నీరు రోజుల తరబడి తియ్యకపోతే గింజ తాలుపోతుంది.

కనబడని నష్టం నేల కింద ఉంది. తీరపు ఇసుక నేలల్లో మంచినీరు ఉప్పునీటికంటే తేలిక కాబట్టి దాని మీద తేలుతూ ఉంటుంది. స్థూలమైన లెక్క చెప్పాలంటే, సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరుంటే, ఆ మట్టానికి కింద నలభై అడుగుల వరకూ మంచినీరే. తిరగేసి చదవండి: పైన అడుగు తగ్గితే కింద ఉప్పునీరు మెల్లగా నలభై అడుగులు పైకొస్తుంది. వానాకాలంలో నీటిని పట్టి నేలలోకి దింపే పల్లాల్ని పూడ్చేస్తే ఆ అడుగు తగ్గడానికి దారి వేసినట్టే. మొదటి ఏడాది ఎవరికీ తెలియదు. ముందు లోతు బోర్లు ఉప్పబారతాయి, తర్వాత బావులు, ఆ తర్వాత కొబ్బరి.

“పిట్టలకే నష్టం, మనుషులకి కాదు.” బొగ్గు లెక్క చూడండి. వెయ్యి మెగావాట్ల కేంద్రం పూర్తి సామర్థ్యంతో రోజంతా నడిస్తే 2.4 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు 0.7 కిలోల దేశీయ బొగ్గు అనుకుంటే రోజుకి 16,800 టన్నులు. అందులో మూడో వంతుకి కొంచెం పైగా బూడిదే అనుకున్నా దాదాపు 5,900 టన్నులు. సోంపేటలో అనుకున్నది 2,640 మెగావాట్లు! ఆ బూడిదని ఎక్కడ పోస్తారు, బూడిద నిలవ చేసే చెరువు గట్టు తెగితే ఏ ఊరు మీద పడుతుంది? ఆ సందేశంలో దీనికి జవాబు లేదు.

“ఉద్యమకారులే ఆపేశారు.” సోంపేటలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయింది 2010 జులై 14న. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఇది వీధిలో మాత్రమే తేలిన సంగతి కాదు, చట్టం పెట్టిన సంస్థ ముందు వాదనలు విన్నాక తేలినది. కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు.

సందేశంలో ఒక్క మాట మాత్రం కొట్టిపారేయలేం: జిల్లాలో వలసలు నిజం, పని కావాలన్నదీ నిజం. అయితే అది పరిశ్రమ కావాలనడానికి కారణం. నీటి పల్లంలోనే పెట్టాలనడానికి కాదు.

ఇక మిగిలింది “మనిషా, పిట్టా?” అనే ప్రశ్న. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, రంగుకొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. కింద మనుషులు బతుకుతూనే ఉన్నారు. అన్నట్టు, వాటిని ‘సైబీరియా పక్షులు’ అనడమూ పొరపాటే. ఆ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియావే. వాటికి మేత దొరికేది చుట్టుపక్కల చెరువుల్లో, తంపరల్లో.