గోల్ కొట్టనివాడు కూడా ఈ దేశం వాడే

ఇక్కడ జర్మనీలో మన తెలుగు కుటుంబాలు నలుగురు కలిసిన చోట ఫుట్‌బాల్ మాట వస్తే, ఎవరో ఒకరు ఆటగాడు ఇల్కాయ్ గుండోవాన్ పేరు ఎత్తుతారు. పిల్లలకు చెప్పడానికి అనువైన కథ మరి. తాత టర్కీ నుంచి జర్మనీలోని రూర్ ప్రాంతానికి బొగ్గు గనుల్లో పనికి వచ్చాడు. మనవడు 1990లో గెల్సెన్‌కిర్షెన్‌లో పుట్టి, 2023లో జర్మనీ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. నూర్న్‌బెర్గ్ క్లబ్బుకు ఆడుతున్న రోజుల్లో ఆబిటూర్ (యూనివర్సిటీలో చేరడానికి కావాల్సిన స్కూలు ఆఖరి పరీక్ష) కూడా పాసయ్యాడని తెలిస్తే మన అమ్మానాన్నలకు ఇంకా నచ్చుతాడు. "చూశావా, కష్టపడితే ఎవరైనా మనల్ని ఒప్పుకుంటారు" అని పిల్లలకు చెప్పి ఊరుకుంటాం. ఈ మాటతోనే నాకు పేచీ.

ముందు అతని ఆట గురించి చెప్పాలి. మిడ్‌ఫీల్డర్ గొప్పతనం స్కోరుబోర్డు మీద అంత సులువుగా కనపడదు. గుండోవాన్ అందరికంటే వేగంగా పరిగెత్తేవాడు కాదు, ఒంటి బలంతో ఎవర్నీ తోసేసేవాడూ కాదు. బంతి రాకముందే తల తిప్పి చుట్టూ చూసుకుని, ఎక్కడ ఖాళీ ఏర్పడుతుందో పసిగట్టి, అందరి కళ్లూ బంతి మీద ఉన్నప్పుడు ఆలస్యంగా పెనాల్టీ బాక్స్‌లోకి వచ్చేవాడు. 2022 మే 22న ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆఖరి రోజు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆస్టన్ విల్లా మీద అతని క్లబ్బు మాంచెస్టర్ సిటీ 0-2తో వెనకబడి ఉంది, టైటిల్ చేజారిపోతోంది. రెండో సగంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన గుండోవాన్ 76వ నిమిషంలో స్టెర్లింగ్ క్రాస్‌కు తల తగిలించి ఒక గోల్ కొట్టాడు. రెండు నిమిషాలకు రోద్రి స్కోరు సమం చేశాడు. 81వ నిమిషంలో డి బ్రూయినా కుడివైపు నుంచి నేలబారుగా కొట్టిన బంతి గోల్ ముందు నుంచి దూసుకుపోతుంటే, అవతలి స్తంభం దగ్గర గుండోవాన్ ఒక్కడే ఉన్నాడు. ఊరికే కాలు పెట్టాడు, అంతే. మరుసటి ఏడాది ఎఫ్ఏ కప్ ఫైనల్లో ఆట మొదలైన పదమూడు సెకన్లలోపే, గాల్లోంచి దిగుతున్న బంతిని నేల తాకనివ్వకుండా బాక్స్ బయట నుంచి గోల్లోకి కొట్టాడు. ఆ ఫైనల్ చరిత్రలో అంతకంటే వేగంగా వచ్చిన గోల్ లేదు. వారం తిరిగేసరికి ఇస్తాంబుల్‌లో, తన అమ్మానాన్నల దేశంలో, యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ అయిన ఛాంపియన్స్ లీగ్ కప్పు పైకెత్తాడు.

దీని వెనక పోగొట్టుకున్న ఏళ్లున్నాయి. 2013లో వెన్ను గాయంతో ఏడాదికి పైగా ఆటకు దూరమయ్యాడు. 2014లో జర్మనీ ప్రపంచకప్ గెలిచిన జట్టులో అతను లేడు. 2016లో మోకాలి గాయం యూరో టోర్నీని (యూరప్ దేశాల కప్పు) లాగేసుకుంది. అదే ఏడాది డిసెంబరులో మోకాలి లిగమెంట్ తెగింది. ఇన్నిసార్లు పడి లేచిన మనిషిని అభిమానులు నెత్తిన పెట్టుకోవాలి.

కానీ 2018 జూన్‌లో లెవర్‌కుజెన్‌లో సౌదీ అరేబియాతో జరిగిన మ్యాచ్‌లో సొంత దేశపు ప్రేక్షకులే అతనికి బంతి అందినప్పుడల్లా ఈలలు వేసి గేలి చేశారు. చప్పట్లు కొట్టండని కోచ్ లోవ్ బయట నిలబడి చేతులతో అడిగినా ఆగలేదు. అంతకు ముందు నెల లండన్‌లో అతనూ, టర్కీ మూలాలున్న మరో జర్మనీ ఆటగాడు మెసుత్ ఓజిల్ కలిసి టర్కీ అధ్యక్షుడు ఎర్దోవాన్‌తో ఫోటో దిగారు. అక్కడ ఎన్నికలు దగ్గరపడుతున్న సమయమది. ఒక రాజకీయ నాయకుడికి అలాంటప్పుడు ఫోటో ఇవ్వడం తప్పేనని నా అభిప్రాయం. దాన్ని విమర్శించే హక్కు ఎవరికైనా ఉంది. అయితే అదే వేసవిలో మాజీ కెప్టెన్ లోథార్ మాథెయుస్ రష్యాలో పుతిన్‌తో చేతులు కలిపితే, అతను అసలు జర్మనేనా అని ఎవరూ అడగలేదు. గుండోవాన్‌నీ ఓజిల్‌నీ అడిగారు. గెలిస్తే జర్మన్‌ని, ఓడితే వలసవాడిని అని చెప్పి ఓజిల్ జాతీయ జట్టు నుంచి తప్పుకున్నాడు. గుండోవాన్ ఉండిపోయాడు. ఉండిపోయినవాడిని మంచివాడనీ, వెళ్లిపోయినవాడిని పొగరుబోతనీ అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. అవమానం ఇద్దరికీ ఒకటే అయినప్పుడు, దాన్ని ఎవరు ఎంతవరకు మింగాలో మనం ఎలా చెబుతాం?

పోనీ, కెప్టెన్ అయ్యాక అయినా ఆ ప్రశ్న ఆగిందా? 2024 యూరోకు ముందు ఇక్కడి పబ్లిక్ టీవీ (జనం కట్టే రుసుముతో నడిచేది) ఒక డాక్యుమెంటరీ కోసం సర్వే చేయించింది. జాతీయ జట్టులో తెల్లవాళ్లు ఇంకా ఎక్కువ ఉంటే బాగుండునని 21 శాతం మంది, కెప్టెన్‌కు టర్కీ మూలాలు ఉండటం విచారకరమని 17 శాతం మంది చెప్పారు. అలాంటి ప్రశ్న అడగడమే జాత్యహంకారమని జట్టు ఆటగాడు కిమిష్, కోచ్ నాగెల్స్‌మన్ మండిపడ్డారు. అలా అనుకోనివాళ్లే ఎక్కువమంది, అది నిజం, సంతోషం కూడా. కానీ ఛాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తి, ఈ దేశం తరఫున 82 మ్యాచ్‌లు ఆడిన మనిషికే అంతమంది మనసులో చోటు లేకపోతే, "కష్టపడితే ఒప్పుకుంటారు" అని మన పిల్లలకు ఏ ధైర్యంతో చెబుతున్నాం? ఆ మాట విన్న పిల్లలు, ఎక్కడైనా చిన్నచూపు ఎదురైతే తమ కష్టమే చాలలేదనుకుంటారు. కెప్టెన్లు కాని లక్షలమంది ఉన్నారు. ఫ్యాక్టరీలో షిఫ్టు చేసేవాళ్లు, ముసలివాళ్లకు సేవ చేసే నర్సులు, లెక్కల్లో అత్తెసరు మార్కులు తెచ్చుకునే పిల్లలు. వాళ్ల చోటు కూడా అంతే గట్టిగా ఉండాలి.

ఆ యూరో జరుగుతుండగానే, జూన్ 27న, జర్మనీలో కొత్త పౌరసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. పాత దేశపు పాస్‌పోర్టు వదులుకోనక్కర్లేదని ఇక్కడి చట్టం ఇప్పుడు చెబుతోంది. మన విషయంలో మాత్రం తలుపు అవతలి వైపు నుంచి మూసి ఉంది. జర్మన్ పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) వస్తుంది కానీ ఓటు ఉండదు, ఊళ్లో ఎకరం పొలం కొనడానికి వీలుండదు. ఈ విషయంలో మన సంఘాలు ఢిల్లీని గట్టిగా అడగాలని నేననుకుంటాను. రెండు దేశాలనూ ప్రేమించడం వీలయ్యే పనేనని జర్మనీని ఒప్పించాలనుకునేవాళ్లం, మన దేశాన్ని కూడా ఆ మాటే అడగాలి కదా.

ఇంట్లో మనం చేయగలిగింది ఇంకొకటుంది. 2024 పారిస్ ఒలింపిక్స్ హాకీ సెమీఫైనల్లో జర్మనీ 3-2తో భారత్‌ను ఓడించింది. అలాంటి మ్యాచ్ వచ్చినప్పుడల్లా ఇక్కడ పుట్టిన పిల్లలను పట్టుకుని "నువ్వు ఎవరి వైపు, నిజం చెప్పు" అని అడగడం మనకు సరదా. ఏ జవాబు చెబితే పెద్దవాళ్లు నవ్వుతారో, ఏది చెబితే మొహం మాడ్చుకుంటారో వాళ్లకు ముందే తెలుసు. లెవర్‌కుజెన్‌లో ఈలలు వేసినవాళ్లు గుండోవాన్‌ను అడిగిందీ ఇదే. వచ్చే మ్యాచ్‌కు పిల్లల్ని అడగకుండా పక్కన కూర్చోబెట్టుకుని చూద్దాం. ఏ గోల్‌కు గంతేస్తారో వాళ్ల ఇష్టం.