ప్రతి పాత పియానో రోల్ విద్వాంసుడి రికార్డింగ్ కాదు

అమెరికాలో పాత సామాన్లు కొనే మనవాళ్ల మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది: "చిల్లుల కాగితం చుట్టిన పియానో రోల్ కనిపిస్తే వదలకండి. అది ఆనాటి మహా విద్వాంసుడు స్వయంగా వాయించిందే. ఏ ప్లేయర్ పియానోలోనైనా మోగుతుంది. వందేళ్లది, బోలెడు డబ్బొస్తుంది." ప్లేయర్ పియానో అంటే పెడల్ తొక్కితే ఆ కాగితం చిల్లుల ప్రకారం తనంతట తానే మోగే పియానో. ఈ మాట నమ్మి మా స్నేహితుడొకరు అట్టపెట్టెడు రోల్స్ తెచ్చుకున్నారు. ఇంట్లో పియానో 88 స్వరాలది, తెచ్చినవన్నీ 65వి, అందులో మోగవు.

ముందు విద్వాంసుడి సంగతి. చాలా రోల్స్‌ను ఎవరూ వాయించలేదు. స్వరలిపి ముందు పెట్టుకుని, స్కేలుతో కొలిచి, పెన్సిల్‌తో గీసి చిల్లులు కొట్టారు, మన మగ్గాలకు జాకార్డు అట్టలు కొట్టినట్టే. "హ్యాండ్ ప్లేడ్" (చేత్తో వాయించింది) అని ఉన్నవాటిని కూడా తర్వాత దిద్దడం మామూలే. పైగా మామూలు రోల్‌లో ఏ మీట ఎప్పుడు పలకాలన్నదే ఉంటుంది. ఎంత గట్టిగా అన్నది పెడల్ తొక్కే మనిషి కాళ్లలో ఉంటుంది. ఆ హెచ్చుతగ్గులనూ పట్టుకున్న రోల్ పద్ధతులు వేరే: 1904లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ నుంచి వచ్చిన వెల్టే-మిన్యోన్, తర్వాత అమెరికాలో డ్యువో-ఆర్ట్, ఆంపికో. 1905లో లైప్‌జిగ్‌లో సంగీతకర్త గుస్తావ్ మాలర్ వాయించింది వెల్టేకే. అలాంటిది చేతికొస్తే నాకూ కళ్లు చెమరుస్తాయి. ఆ గౌరవాన్ని దొరికిన ప్రతి రోల్‌కీ అంటగడితే మాత్రం బాధేస్తుంది.

ఏ పియానోలోనైనా మోగుతుందన్నది శుద్ధ తప్పు. 1908లో అమెరికాలోని బఫెలోలో తయారీదారులు సమావేశమై 65, 88 రెండింటికీ 11¼ అంగుళాల కాగితమే ఖాయం చేశారు. పైకి ఒకేలా ఉంటాయి, పొరబాటు అక్కడే. స్కేలు అడ్డంగా పెట్టి చిల్లుల వరసలు లెక్కపెట్టండి: అంగుళానికి 6 అయితే 65 స్వరాలది, 9 అయితే 88. మా స్నేహితుడు తెచ్చినవాటిలో కాగితం చుట్టిన కడ్డీ కొసలు చూసినా 65వని తెలిసేది, రెండు పక్కలా మేకుల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి. వెల్టే ఎర్ర కాగితమైతే దాదాపు 13 అంగుళాలు, మామూలు పియానోలో పట్టనే పట్టదు.

ఇక వయసు, డబ్బు. 1920ల డ్యాన్సు పాటల రోల్స్ లక్షల్లో తయారయ్యాయి, ఇవాళ చాలావాటికి కొద్ది డాలర్లే వస్తాయి. క్యూఆర్‌ఎస్ కంపెనీ 2000 తర్వాత కూడా కొత్తవి చేసింది. పెట్టె మీది పేరును నమ్మకండి, పెట్టెలు తారుమారవుతుంటాయి. కాగితం మొదట్లో ముద్రించిన పేరు, నంబరు చదవండి. అక్కడే కనిపించే "టెంపో 70" అంటే నిమిషానికి 7 అడుగుల కాగితం నడవాలని. చిరుగులుంటే సెల్లోటేపు మాత్రం అతికించకండి, కొన్నేళ్లకు ఆ జిగురు పక్క పొరకు అంటుకుని దాన్నీ చింపేస్తుంది.