అల్లాయ్ వీల్‌ని కాల్చి కోటింగ్ తీస్తామంటే వద్దనండి

పాత పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి, వేడిలో కాల్చి గట్టిపరిచే పూత) తీయమంటే కొందరు వర్క్‌షాపువాళ్ళు అంటారు: "ఓవెన్‌లో పెడితే బూడిదై రాలిపోతుందండీ, చిటికెలో పని." ఈ మాట స్టీల్ స్టాండుకి సరే. అల్లాయ్ వీల్‌కి మాత్రం ఇది నేరం అనే అంటాను.

కోటింగ్‌ని కాల్చి తీసే ఈ బర్న్-ఆఫ్ ఓవెన్ సుమారు 350 నుంచి 430 డిగ్రీల సెల్సియస్ మధ్య నడుస్తుంది. చాలా అల్లాయ్ వీల్స్‌కి బలం హీట్ ట్రీట్‌మెంట్ (లెక్క ప్రకారం వేడిచేసి, చల్లార్చి లోహాన్ని గట్టిపరచడం) వల్ల వస్తుంది. దాని చివరి దశ జరిగేది 150 డిగ్రీలకి కాస్త అటూఇటూ. అలాంటి వీల్‌ని 400 డిగ్రీల్లో వేయిస్తే లోహం మెత్తబడుతుంది, చల్లారాక ఆ బలం తిరిగి రాదు. పైకి ఏమీ కనబడదు. కొత్త రంగు మెరుస్తూ ఉంటుంది, ఏ గుంతలోనో రిమ్ము వంగుతుంది. గ్యాస్ టార్చ్‌తో కాల్చడం ఇంకా ఘోరం, ఎక్కడ ఎంత వేడి తగిలిందో కాల్చినవాడికే తెలీదు.

థిన్నర్‌తో పోదా అంటే, పోదు. పౌడర్ 180–200 డిగ్రీల్లో కాలి గట్టిపడ్డాక థిన్నర్‌లో కరగదు. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న స్ట్రిప్పర్ (రంగు వదిలించే మందు) కూడా దాన్ని కరిగించదు, లోపలికి దూరి ఉబ్బించి పట్టు వదిలిస్తుంది. కాబట్టి ముందు 60 నంబర్ ఎమరీతో పైపొరని గట్టిగా గీరండి. తర్వాత స్ట్రిప్పర్‌ని మందంగా, ఒకే దిశలో పూసి, పాలిథీన్ షీట్ కప్పి వదిలేయండి. బ్రష్ అటూఇటూ ఆడిస్తే పైన కట్టే మైనపు పొర చెదిరి, మందు ఆవిరైపోతుంది. అరగంటకి గీకండి, మిగిలినచోట మళ్ళీ పూయండి.

ఈ మిథిలీన్ క్లోరైడ్ 40 డిగ్రీలకే మరుగుతుంది. ఆవిరి గాలికంటే బరువు, కిందే పేరుకుంటుంది. మూసిన గదిలో తొట్టి మీదికి వంగి పని చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. మామూలు నైట్రైల్ గ్లౌజుల్లోంచి నిమిషాల్లో దూరిపోతుంది, గుడ్డ మాస్కు అయితే ఉన్నా లేనట్టే. బయట, గాలి ఆడేచోట తప్ప ముట్టుకోకండి. బెంజైల్ ఆల్కహాల్ రకం స్ట్రిప్పర్ అంత ప్రమాదం కాదు, కానీ గంటల తరబడి ఓపిక పట్టాలి.

కాస్టిక్ సోడా చౌక అని అల్యూమినియం మీద పోసేవాళ్ళకి ఒక్క మాట: అది రంగుతోపాటు లోహాన్నీ తింటుంది, హైడ్రోజన్ కూడా వదులుతుంది. స్ప్రింగులు, హై టెన్సైల్ బోల్టుల దగ్గరికి యాసిడ్ రానివ్వకండి, పెళుసెక్కి విరుగుతాయి.

స్టీల్ ఛాసిస్‌కి నా ఓటు బ్లాస్టింగ్‌కే, అంటే గాలి ప్రెజర్‌తో గరుకు రేణువుల్ని (గ్రిట్) చిమ్మి పూత లేపడానికే. గ్లాస్ బీడ్స్‌తో పని తెమలదు, పౌడర్ మీద తగిలి ఎగిరిపోతాయి. అల్యూమినియం ఆక్సైడ్, గార్నెట్ లాంటి కోసుగా ఉండే గ్రిట్ కావాలి. నది ఇసుక వద్దు, ఆ దుమ్ముతో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ట్యాంకు, మడ్‌గార్డు లాంటి పల్చటి రేకు మీద ప్రెజర్ పెంచి ఒకేచోట నిలబెడితే రేకు సాగి వంకరపోతుంది, దాన్ని మళ్ళీ సరిచేయడం చాలా కష్టం. బేరింగులు, బుష్‌లు ముందే విప్పేయాలి. బేరింగ్ కూర్చునే చోట, మరలున్న రంధ్రాల్లో రబ్బరు బిరడాలు పెట్టాలి.

అసలు తీయాల్సిన అవసరముందా అని ఎవరూ అడగరు, అదే నా చిరాకు. పొర ఎక్కడా లేవకుండా, కింద తుప్పు లేకుండా ఉంటే 240–320 ఎమరీతో మెరుపు పోయేదాకా రుద్ది, డీగ్రీజ్ చేసి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టేయొచ్చు. అంచుల్లో లేచినచోటు వరకే గీకితే చాలు.

పూర్తిగా తీసిన స్టీల్‌ని మాత్రం రేపటికి వదలకండి. బ్లాస్ట్ అయిన ఉపరితలం గాలిలో తేమకే తుప్పు పట్టడం మొదలెడుతుంది. ఒట్టి చేత్తో ముట్టుకోకుండా, ఆ పూటే ప్రైమర్ పడాలి.