‘తాతాతా’ ఉత్త శబ్దం కాదు

నెలల పిల్లల గురించి ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది: ‘బబబ, తాతాతా అనడం అర్థంలేని నోటి ఆట. చెవుడు ఉన్న పిల్లలూ అలాగే పలుకుతారు. మనం స్పందించినా లేకపోయినా ఒకటే. ఆలస్యమైనా కంగారు వద్దు.’ ఇందులో చివరి మాటే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

చెవుడు ఉన్నా అలాగే పలుకుతారన్నది తొలి నెలల వరకే నిజం. ఏడుపూ, ‘ఉంగా’లూ వినికిడి లేకపోయినా వస్తాయి. 1960లలో భాషా పరిశోధకుడు లెన్నెబర్గ్ బృందం ఈ పోలికను గమనించింది తొలి మూడు నెలల్లోనే. ఆ తర్వాత దారులు వేరవుతాయి. ఓలర్, ఐలర్స్ అనే పరిశోధకులు 1988లో ప్రచురించిన పరిశీలనలో, వినికిడి ఉన్న 21 మందికీ 6 నుంచి 10 నెలల మధ్య ‘బాబాబా’ మొదలైంది. తీవ్రమైన చెవుడు ఉన్న 9 మందిలో ఒక్కరికీ 11 నెలల లోపు రాలేదు. 25వ నెల దాకా పట్టినవారూ ఉన్నారు. మూడో నెలలో ‘ఉంగా’ విని పాప చెవులు బాగున్నాయని తేల్చుకుంటే మోసపోతాం.

నోటి ఆటా? ‘బా’ అనాలంటే మూసిన పెదవులు సెకనులో పదో వంతు పాటి కాలంలో అచ్చులోకి విచ్చుకోవాలి. దవడ లయ తప్పకుండా లేచి దిగాలి. సాగుతూ పోయే ‘ఉంగా’లో ఆ బిగువు ఉండదు. పైగా ఇది నోటికే పరిమితం కాదు. సైగల భాష వాడే ఇళ్లలో పెరిగిన ఇద్దరు వినికిడి లేని పిల్లలు సైగల ముక్కలను చేతులతోనే తిప్పి తిప్పి పలకడాన్ని పెటిట్టో, మారెంటెట్ 1991లో వివరించారు.

ఇక స్పందన సంగతి. గోల్డ్‌స్టీన్ బృందం 2003లో ఎనిమిది నెలల పిల్లలతో చేసిన ప్రయోగంలో, కొందరు తల్లులు బిడ్డ పలికిన వెంటనే నవ్వి, దగ్గరికి జరిగి, తాకారు. మిగతావారు అవే పనులు అంతే సార్లు చేశారు, కానీ బిడ్డ పలుకుతో సంబంధం లేని వేళల్లో. వెంటనే స్పందన దొరికిన పిల్లల పలుకులే అక్షరాలకు దగ్గరయ్యాయి. పాప ‘తాతాతా’ అనగానే తనను పిలిచిందని తాతయ్య మురిసిపోతూ వంగి చూస్తాడే, అది వట్టి మురిపెం కాదు.

పది నెలలు నిండినా ‘బాబా’, ‘దాదా’ వంటి వరస వినపడకపోతే ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే’ అని ఊరుకోకండి, వినికిడి పరీక్ష చేయించండి. అసలు ఆ పరీక్ష పుట్టిన నెలలోపే జరగాలి. లోపం ఉంటే మూడో నెలకు నిర్ధారణ, ఆరో నెలకు చికిత్స మొదలవ్వాలి. ఆ పరీక్షకు బిడ్డ బదులు చెప్పనక్కరలేదు, నిద్రపోతుంటే చాలు.