కరెంట్ పోతే సిగ్నల్ ఎందుకు పోవాలి?

మళ్లీ అదే జరిగింది. గాలివాన వచ్చింది. కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి. కరెంట్ పోయింది. ఆ వెంటే కాలనీలకు కాలనీల్లో ఫోన్లలో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. విద్యుత్ సంస్థకు ఫిర్యాదు చేయాలంటే 1912. అంబులెన్స్ కావాలంటే 108. పోలీసులు రావాలంటే 112. ఏ నంబరు తిప్పాలన్నా ముందు సిగ్నల్ ఉండాలి. అవసరం పడిన గంటలోనే అది లేకుండా పోయింది. హైదరాబాద్‌లో ఉప్పల్, బోడుప్పల్, అల్వాల్, హయత్‌నగర్ వైపు వాళ్లకు ఇది కొత్త కాదు. పాతబస్తీకి అసలే కాదు.

కరెంట్ పోయినా టవర్లను ఎందుకు నడపలేకపోతున్నారన్నదానికి టెలికాం కంపెనీల వాదన అందరికీ తెలిసిందే. కరెంట్ చార్జీలు, డీజిల్ ధర, బ్యాటరీల దొంగతనాలు, జనరేటర్ పెట్టనివ్వని అపార్ట్‌మెంట్ సంఘాలు. ఇబ్బందులు నిజమే కావచ్చు. నెలనెలా రీచార్జ్ డబ్బులు ముందే కట్టించుకున్న వారు ఆ ఇబ్బందులను వినియోగదారుడి నెత్తిన రుద్దడం మాత్రం కుదరదు.

మా అసలు ఆందోళన ఒక సాయంత్రం సిగ్నల్ పోయినందుకు కాదు. ఆ పోవడం ఎవరి లెక్కలోకీ రాకపోవడం గురించి.

2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సేవా నాణ్యత నిబంధనలు చూడండి. ఒక జిల్లాలో సేవ 4 గంటలకు మించి ఆగిపోతే కంపెనీ 24 గంటల్లోగా ట్రాయ్‌కి తెలియజేయాలి. అది 24 గంటలు దాటితే పోస్ట్‌పెయిడ్ వారికి అద్దెలో తగ్గింపు, ప్రీపెయిడ్ వారికి వ్యాలిడిటీ పొడిగింపు ఇవ్వాలి. ప్రకృతి విపత్తు అయితే మినహాయింపు. చదవడానికి బాగానే ఉంది. ఇప్పుడు దీన్ని హైదరాబాద్‌కు వర్తింపజేయండి. జిల్లా అంతా ఒక్కసారిగా మూగబోతేనే అది అంతరాయం. నాలుగు కాలనీల్లో ఐదు గంటలు ఫోన్ పనిచేయకపోతే, ఈ నిబంధన ప్రకారం ఏమీ జరగనట్టే. ఆ ఐదు గంటల్లో ఎవరికి గుండెపోటు వచ్చినా, ఏ ఇంట్లోకి నీళ్లు వచ్చినా, కాగితం మీద నెట్‌వర్క్ సలక్షణంగా ఉన్నట్టే. మిగతా నాణ్యత లెక్కలు కూడా చాలావరకు సర్కిల్ (కంపెనీలకు లైసెన్స్ ఇచ్చే ప్రాంతం) సగటులు. అందులోనూ మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి ఒకటే లైసెన్స్ సర్కిల్. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్న టవర్లన్నిటినీ కలిపి తీసిన సగటులో బోడుప్పల్ చీకటి ఎంత? కనిపించనంత.

లెక్కలోకి రాని అంతరాయానికి జరిమానా ఉండదు. జరిమానా లేని చోట బ్యాటరీ కొనడానికి ఎవరికీ తొందర ఉండదు. జబ్బు మూలం ఇక్కడే ఉంది.

సాంకేతికంగా ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. టవర్ పరికరాలు 48 వోల్టుల డీసీ కరెంట్‌తో నడుస్తాయి. కరెంట్ పోగానే బ్యాటరీలు అందుకుంటాయి, అవి అయిపోయేలోగా జనరేటర్ మొదలవ్వాలి. ఒకప్పటి 2జీ, 3జీ లోడుకు సరిపోయేలా పెట్టిన బ్యాటరీ మీద తర్వాత 4జీ రేడియోలు వచ్చాయి. 2022 అక్టోబరు నుంచి 5జీ యాంటెన్నాలూ చేరాయి. లోడు పెరిగితే అదే బ్యాటరీ నిలబడే గంటలు తగ్గుతాయి. దీనికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, ఇంట్లో ఇన్వర్టర్ మీద ఇంకో రెండు ఫ్యాన్లు వేసి చూసినవాళ్లకు తెలుసు. పైగా మన ఎండ ఒకటి. లెడ్-యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల వేడి దగ్గర లెక్కగడతారు. అక్కడి నుంచి ప్రతి 10 డిగ్రీలకూ ఆ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. మే నెలలో హైదరాబాద్ మేడల మీద రేకు పెట్టెలో ఉన్న బ్యాటరీ పరిస్థితి ఊహించుకోవచ్చు. డేటా షీట్‌లో నాలుగు గంటలని రాసి ఉన్నది, రెండు వేసవులు గడిచాక అసలు ఎంతసేపు నిలబడుతోందో పరీక్షించి చూసేదెవరు? చూసినా జనానికి చెప్పేదెవరు?

ఇంకో సిమ్ పెట్టుకోండి అని సలహా ఇచ్చేవారు ఉంటారు. ఒకే టవర్ మీద రెండు మూడు కంపెనీల యాంటెన్నాలు ఉంటాయి, చాలాచోట్ల కింద ఉన్న విద్యుత్ ఏర్పాటూ ఉమ్మడిదే. ఆ బ్యాటరీ ఆరిపోతే ఏ రంగు సిమ్ ఉన్నా ఒకటే. 112కు ఏ నెట్‌వర్క్ అందితే ఆ నెట్‌వర్క్ నుంచి కాల్ వెళ్లే ఏర్పాటు ఉంది. ఏ నెట్‌వర్కూ లేనప్పుడు ఆ ఏర్పాటు ఉన్నా లేనట్టే.

ఇక విద్యుత్ పొదుపు మాట. కంపెనీలు ఈ మధ్య దీని గురించి గట్టిగా చెప్పుకుంటున్నాయి. డీజిల్ జనరేటర్ తీసేసిన టవర్‌ను ‘గ్రీన్ సైట్’ అంటున్నారు. డీజిల్ పొగ పోవడం మంచిదే, దాన్ని మేం మనస్ఫూర్తిగా స్వాగతిస్తాం. కానీ జనరేటర్ తీసిన చోట అన్ని గంటలూ నిలబెట్టే లిథియం బ్యాటరీ పెట్టారా? సోలార్ పెట్టారా? లేక జనరేటర్ తీసేసి, ఆ ఖర్చు మిగుల్చుకుని, దానికి పచ్చ రంగు పూశారా? కేంద్ర టెలికాం శాఖ 2012 జనవరిలోనే ఆదేశాలిచ్చింది. 2015 నాటికి గ్రామాల్లో 50 శాతం, పట్టణాల్లో 20 శాతం టవర్లు గ్రిడ్ కరెంట్‌తో పాటు పునరుత్పాదక విద్యుత్‌తో నడవాలని, 2020 నాటికి అవి 75 శాతం, 33 శాతం కావాలని చెప్పింది. ఆ గడువులు రెండూ దాటిపోయాయి. మన నగరంలో ఏ టవర్‌కు ఏ ఏర్పాటు ఉందో టవర్ వారీగా ప్రజల ముందు పెట్టాలని ఇంతకాలం ఎందుకు అనిపించలేదు?

టవర్ దగ్గర మిగిల్చామని చెప్పే విద్యుత్తు నిజంగా మిగలదు, ఆ భారం మన జేబుల్లోని ఫోన్ల మీదికి బదిలీ అవుతుంది. ఎలాగంటే, 4జీ, 5జీ ఫోన్ సాధారణంగా గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల శక్తితో సిగ్నల్ పంపుతుంది. టవర్ దగ్గర్లో ఉంటే అందులో వందో వంతుతోనూ పని జరిగిపోతుంది. అందుకే టవర్ ప్రతి క్షణం ఫోన్‌కు పెంచు, తగ్గించు అని చెబుతూ ఉంటుంది. భవనాల మధ్య దూరం రెట్టింపైతే కావాల్సిన శక్తి సుమారు పదింతలవుతుంది. పక్క వీధి టవర్ ఆరిపోయిందంటే, ఆ వీధిలోని వేల ఫోన్లు ఎక్కడో దూరపు టవర్‌ను అందుకోవడానికి గొంతు చించుకుంటాయి. ఫోన్ ఊరికే ఉన్నప్పుడు సెకనుకో రెండు సెకన్లకో ఒక్కసారి మేల్కొని, టవర్ పిలిచిందా అని చూసి మళ్లీ నిద్రపోతుంది. బ్యాటరీ రోజంతా రావడానికి ఆ నిద్రే కారణం. సిగ్నల్ లేకపోతే ఆ నిద్ర పోతుంది, ఒక బ్యాండ్ (తరంగాల శ్రేణి) తర్వాత ఇంకో బ్యాండ్ వెతుకుతూనే ఉంటుంది. ఫోన్ వేడెక్కుతుంది. ఆ వేడికి బ్యాటరీ ఆయుష్షూ తరుగుతుంది. చార్జింగ్ పెట్టుకుందామంటే ఇంట్లో కరెంట్ లేదు. డెలివరీ కుర్రాళ్లు పవర్ బ్యాంకులు మోసుకుని తిరుగుతున్నది సరదాకు కాదు. కంపెనీ కొనని బ్యాటరీని వాళ్లు కొనుక్కుంటున్నారు. ఇదీ లెక్కలోకి రాదు.

నిజమైన పొదుపు మార్గాలు ఉన్నాయి, వాటిని వాడొద్దని ఎవరూ అనలేదు. 4జీ రేడియో కాల్ ఉన్నా లేకున్నా గుర్తింపు సంకేతాలు పంపుతూనే ఉండాలి. 5జీలో ఆ సంకేతాల మధ్య విరామం పెంచవచ్చు, ఆ విరామంలో పరికరాన్ని నిద్రపుచ్చవచ్చు. అర్ధరాత్రి అదనపు బ్యాండ్లు ఆపి, ఒక్క ప్రధాన బ్యాండ్‌ను నడపవచ్చు. గాలియం నైట్రైడ్‌తో చేసిన యాంప్లిఫయర్లు (సిగ్నల్‌ను బలపరిచే భాగాలు) వాడి రేడియోలో వేడిగా వృథా అయ్యే కరెంట్ తగ్గించవచ్చు. ఇలా తగ్గించిన ప్రతి వాటూ కరెంట్ పోయినప్పుడు బ్యాటరీకి అదనపు నిమిషాలను ఇస్తుంది. అంటే పొదుపు, భరోసా ఒకదానికొకటి శత్రువులు కావు. పొదుపు చేసిన మేరకు బ్యాటరీని కూడా చిన్నది చేసుకుంటేనే అవి శత్రువులవుతాయి.

టవర్‌కు కరెంట్ ఒక్కటే ఉంటే సరిపోదు, కాల్స్, డేటాను మోసుకెళ్లే ఫైబర్ కేబుల్ కూడా కావాలి. మన నగరంలో ఆ ఫైబర్ ఎక్కడ వేలాడుతోంది? కరెంట్ స్తంభాల మీద. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో రథం ఊరేగింపులో విద్యుదాఘాతంతో ప్రాణాలు పోయాకగానీ ఆ తీగల చిక్కుముడి పాలకుల కంటపడలేదు. కంటపడ్డాక కత్తెరలు పట్టుకుని కోశారు. ఇళ్లలో, ఆఫీసుల్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. విషయం హైకోర్టుకెక్కింది. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని తీగలను ఒక్క వారంలో తెంచడం పాలన అనిపించుకోదు. ప్రాణాలు పోవడం ఎంత తప్పో, ఏ కేబుల్ ఏ టవర్‌కు, ఏ ఆస్పత్రికి వెళుతోందో తెలియకుండా కోయడమూ అంతే తప్పు. కేబుళ్లు వెళ్లే భూగర్భ డక్టుల (గొట్టాల) సంగతి ప్రతి ప్రభుత్వమూ మాట్లాడింది. రోడ్డు తవ్విన ప్రతిసారీ ఒక డక్టు వేసి ఉంటే ఈపాటికి సగం నగరం భూమి కిందే ఉండేది.

ఇలాంటివి మనకు ముందే తెలియవనడానికి లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక రోజుల తరబడి తమవాళ్ల క్షేమం తెలియక హైదరాబాద్‌లో ఎన్ని వేల కుటుంబాలు అల్లాడాయో ఈ నగరం మరచిపోలేదు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో గ్రిడ్ కూలినప్పుడు టవర్ల బ్యాటరీలు అయిపోతున్న కొద్దీ ఫోన్లు మూగబోయాయి. కాలిఫోర్నియా అంతకు ముందే మేల్కొంది. కార్చిచ్చు ముప్పు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 72 గంటల బ్యాకప్ ఉండాలని అక్కడి నియంత్రణ సంస్థ 2020లో ఆదేశించింది. మేం 72 అడగడం లేదు. హైదరాబాద్‌లో గాలివాన తర్వాత కరెంట్ తిరిగి రావడానికి పట్టే సమయమైనా నిలబడమంటున్నాం.

చేయలేని ఊరైతే వేరు. క్వాల్‌కామ్ లాంటి కంపెనీల ఇంజినీర్లు ప్రపంచం వాడే ఫోన్ చిప్‌ల మీద ఇక్కడే పనిచేస్తున్నారు. ఐఐటీ హైదరాబాద్, అక్కడ పుట్టిన స్టార్టప్ విసిగ్ నెట్‌వర్క్స్, ఇంజినీరింగ్ సంస్థ సైయెంట్ కలిసి ఎన్‌బీ-ఐఓటీ చిప్ తయారు చేశాయి. నీటి మీటర్లు, సెన్సర్లు ఒక చిన్న బ్యాటరీతో 10 ఏళ్ల వరకు సందేశాలు పంపేలా రూపొందిన సాంకేతికత అది. అలాంటి చిప్ పుట్టిన నగరంలో టవర్‌ను కొన్ని గంటలు నిలబెట్టలేకపోవడం తెలివి చాలక కాదు. అడిగేవాళ్లు లేక.

ఫోన్ల మీద కూడా అడగాల్సింది ఉంది. 2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే స్మార్ట్‌ఫోన్ బ్యాటరీ 800 సార్లు చార్జ్ చేసిన తర్వాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. ఒక్క చార్జింగ్‌తో ఎన్ని గంటలు వస్తుందో డబ్బా మీద లేబుల్ ఉండాలి. మన దగ్గర ఫ్యాన్‌కూ, ఫ్రిజ్‌కూ స్టార్లు ఉన్నాయి. ఇరవై వేలు పోసి కొనే ఫోన్‌కు లేవు.

ట్రాయ్ ముందుగా చేయాల్సింది జిల్లా అనే కొలమానాన్ని పక్కన పెట్టడం. అంతరాయాన్ని టవర్ వారీగా, నగరాల్లో వార్డు వారీగా లెక్కించాలి. కవరేజీ మ్యాపులు వెబ్‌సైట్లలో పెట్టించినట్టే, ఏ టవర్ ఈ నెల ఎన్ని గంటలు ఆగిందో కూడా పెట్టించాలి. కరెంట్ కోత ప్రకృతి విపత్తు కాదు. దాన్ని ఆ ముసుగులో దాటేయనివ్వకూడదు. పరిశ్రమలకిచ్చే టారిఫ్ తమకూ కావాలని టెలికాం సంస్థలు ఎప్పటి నుంచో కోరుతున్నాయి. ఇవ్వాలనుకుంటే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఒక షరతుతో ఇవ్వాలి. కనీసం 4 గంటల బ్యాకప్ ఉందని ఏటా వేసవి ముగిసేలోగా పరీక్షించి నిరూపించిన టవర్‌కే ఆ రాయితీ. విద్యుత్ సంస్థ కూడా ఆస్పత్రుల ఫీడర్ల (కరెంట్ తెచ్చే లైన్ల) తర్వాత టవర్ల ఫీడర్లను సరిచేసే జాబితా తయారు చేసుకోవాలి.

కాలనీ సంఘాలకూ ఒక మాట. రేడియేషన్ భయంతో టవర్‌ను తరిమేస్తే, దూరపు టవర్ కోసం మీ చెవి దగ్గరి ఫోన్ ఎక్కువ శక్తితో పనిచేస్తుంది. భయపడి తరిమిన దాన్నే చెవికి దగ్గర చేసుకుంటున్నారు.

కంపెనీలు, ట్రాయ్, విద్యుత్ సంస్థ ఒకరినొకరు చూపించుకుంటూ ఇన్నేళ్లు గడిపారు. యాంటెన్నా టెలికాం కంపెనీది, బ్యాటరీ టవర్లు నడిపే సంస్థది, కరెంట్ విద్యుత్ సంస్థది, నిబంధన ట్రాయ్‌ది, చనిపోయిన మనిషి మాత్రం ఎవరివాడూ కాదు. ఈ వానాకాలం దాటకముందే నగరంలోని ప్రతి టవర్ బ్యాటరీని పరీక్షించి, ఆ ఫలితాలను వార్డు పేరుతో సహా బయటపెట్టండి. అంతవరకూ గ్రీన్ సైట్ల గురించి ప్రకటనలు ఇవ్వకండి.