బొమ్మ మంచిగున్నది, కింద వరసలు గూడ పెట్టున్రి

వేరే వేరే జీవుల్ల, జీన్ల పనిని అదుపుల పెట్టే సన్న మైక్రో ఆర్‌ఎన్‌ఏ అక్షరాల వరస ఎట్ల కలుస్తదో చెప్పనీకి మీరు సీక్వెన్స్ లోగో బొమ్మ పెట్టిన్రు కదా, మారని కాడ అక్షరం పొడుగ్గ కనవడ్తది, మంచిగనే ఉన్నది, కానీ ఏ జీవిల మారిందో దాంట్ల తెల్వదు. నేను నల్గొండల డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్తా. మొన్న లెట్-7 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ వరసలు గళ్ల కాగితం మీద రాయించిన, గడికో అక్షరం, ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు ఏ, యు, జి, సి లకు నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు. సి. ఎలిగాన్స్ అనే సన్న పురుగుది, మనిషి లెట్-7ఏది కిందమీద పెడితే 22 అక్షరాలల్ల ఒక్కటి తేడా లేదు! పిల్లలు రెండుసార్లు లెక్కవెట్టిన్రు. 2000 సంవత్సరంల సైంటిస్టు గ్యారీ రవ్‌కున్ వాళ్ల ల్యాబ్ ఈ లెట్-7 ఈగల్ల, మనుషుల్ల గూడ ఉన్నదని చూపించినప్పుడు ఎట్లనిపించిందో ఆ గళ్లు చూస్తే నాకు అర్థమైంది.

తర్వాత మనిషిలనే ఉన్న వేరే లెట్-7 రకాలు 7బి, 7సి, 7డి పెట్టంగనే చివరి దిక్కు రంగులు చెదిరినయ్, 7డిల అయితే మొదటి అక్షరమే యు బదులు ఏ, అయినా 2 నుంచి 8 దాక జి-ఏ-జి-జి-యు-ఏ-జి నిలువు చారలెక్క కదలకుండ నిలవడ్డది. అదే సీడ్, ప్రొటీన్ తయారీకి సమాచారం మోసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏని పట్టుకునే అసలు జాగ. మా క్లాసుల చేనేత ఊరు పుట్టపాక అమ్మాయి ఉన్నది, ఇంట్ల మగ్గం ఉంటది, "నూలుకు చిటికి ముడి కట్టిన కాడ రంగు ఎక్కనట్టే ఉన్నది సార్" అన్నది. అందుకే అడుగుతున్న, ఆ లోగో కింద జీవుల పేర్లతోని రంగు వరసలు గూడ పెట్టున్రి, ఎర్ర-ఆకుపచ్చ పక్కపక్కన రాకుండ చూడున్రి, ఆ రెండు రంగుల తేడా తెల్వని పిల్లలు గూడ ఉంటరు.