సవరణ: ఫ్రాస్ట్ ఓటముల లెక్క

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో నెబ్రాస్కా యూనివర్సిటీ జట్టు మాజీ కోచ్ స్కాట్ ఫ్రాస్ట్ మీద రాసిన పోస్టులో, 2021లో నెబ్రాస్కా ఓడిన 9 ఆటలూ ఒక్క స్కోరు తేడావే (అంటే ఒక్కసారి స్కోరు చేస్తే సమం చేయగలిగేవే) అన్నాం. తప్పు. అలాంటివి 8. ఒహాయో స్టేట్ చేతిలో 26-17తో ఓడింది. టచ్‌డౌన్‌కి (బంతిని ప్రత్యర్థి గీత దాటించడానికి) 6, ఆపై టూ పాయింట్ కన్వర్షన్‌తో (టచ్‌డౌన్ తర్వాత దొరికే అదనపు 2 పాయింట్ల అవకాశంతో) కలిపి ఒక్క స్కోరుకు వచ్చేది గరిష్ఠంగా 8. తేడా 9 అంటే బంతి రెండుసార్లు చేతికి రావాల్సిందే.

డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్‌తో ఆడిన 2022 ఆట సంగతీ సరిచేస్తున్నాం. ఫ్రాస్ట్ ఆన్‌సైడ్ కిక్ (బంతిని తిరిగి తామే అందుకోవాలని దగ్గరగా కొట్టే కిక్) కొట్టించింది వెనకబడి కాదు, మూడో క్వార్టర్‌లో 28-17 ఆధిక్యంలో ఉండి! బంతి ప్రత్యర్థికి దొరికింది, మైదానం సగం దూరమే మిగిలింది, వెంటనే టచ్‌డౌన్. చివరికి 31-28 ఓటమి. 1997లో ఇదే నెబ్రాస్కా జట్టును క్వార్టర్‌బ్యాక్‌గా (దాడిని నడిపే ఆటగాడిగా) జాతీయ టైటిల్‌కు నడిపిన మనిషి కాబట్టే ఆ నిర్ణయం ఇంకా బాధిస్తుంది.

నెబ్రాస్కా కోచ్‌గా ఫ్రాస్ట్‌కు మొత్తం 16 గెలుపులు, 31 ఓటములు అన్నది సరైనదే.